మా విల్లుకు అతుకు లేదు

జూలై 4న అల్లూరి జయంతి. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం. ఈ రెండు రోజులకీ బడుల్లో విల్లంబులు కావాలి. మిగతా మూడువందల అరవై మూడు రోజులు ఎవరికీ అక్కర్లేదు. ఈ మధ్య ఇంకో ఆచారం మొదలైంది. పిల్లల చేతే ‘సంప్రదాయ విల్లు’ చేయిస్తున్నారు. చేయించండి, సంతోషమే. కానీ చేయించే తీరు చూడండి. మూడు సన్నని బద్దలు తెస్తారు. మధ్యలో ఫెవికాల్ పూస్తారు. బట్టల క్లిప్పులు పెట్టి ఒక రాత్రి వదిలేస్తారు. తెల్లారి నైలాను తాడు కట్టి, రంగు కాగితం చుట్టి, కింద ‘గిరిజనుల సంప్రదాయ విల్లు’ అని చీటీ అంటిస్తారు.

ఆ చీటీ అబద్ధం. మా విల్లుకు జిగురు లేదు. మా విల్లుకు అతుకే లేదు.

ఇంత చిన్న విషయానికి వ్యాసం ఎందుకు అంటారేమో. విషయం చిన్నది కాదు. జిగురు లేకపోవడాన్ని మా తెలివితక్కువ కింద జమకట్టేవాళ్లున్నారు. “మొగలాయి విల్లు చూడండి, కొమ్ము, కర్ర, నరం మూడూ కలిపి అతికించారు, అదీ విద్య. మీది ఉత్త వెదురు బద్ద” అని చదువుకున్నవాళ్లే అంటారు. ఆ మాటలో ఒక లెక్క దాగి ఉంది. ఎక్కువ వస్తువులు కలిపితే ఎక్కువ నాగరికత, ఒకే వస్తువుతో పని జరిగితే వెనుకబాటు. ఆ లెక్క తప్పని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు.

మాది మారేడుమిల్లి వైపు కొండరెడ్ల ఊరు. నా ఉద్యోగం కోనసీమలో. జిల్లాలు విడిపోక ముందు ఉమ్మడి తూర్పు గోదావరి డీఎస్సీలో టీచర్ ట్రైనింగ్ డిప్లొమాతో వచ్చిన పోస్టు. అందుకే కొండ మీద వెదురు ఎలా ఉంటుందో, గోదావరి పాయల మధ్య గాలి ఎలా ఉంటుందో రెండూ నాకు తెలుసు. జిగురు గురించి మాట్లాడాలంటే రెండూ తెలియాలి.

ముందు విల్లు పని చూద్దాం. విల్లు వంచినప్పుడు గురివైపు ఉన్న ముఖం సాగుతుంది. మనవైపు ఉన్న ముఖం నలుగుతుంది. మధ్యలో పొరలు ఒకదాని మీద ఒకటి జారాలని చూస్తాయి. నమ్మకం లేకపోతే నోటు పుస్తకం వంచి చూడండి. పేజీల అంచులు మెట్లుమెట్లుగా జరుగుతాయి. ఒకే కర్రలో ఆ జారుడును కర్ర నారే ఆపుతుంది. అతికించిన విల్లులో ఆ భారమంతా జిగురు మీద పడుతుంది. లాగిన ప్రతిసారీ పడుతుంది. నారీ ఎక్కించి ఉంచినంతసేపూ పడుతూనే ఉంటుంది.

కాబట్టి జిగురును నాలుగు ప్రశ్నలు అడగాలి. తడి తగిలితే ఏమవుతావు? ఎండలో ఏమవుతావు? గంటల తరబడి బరువు మోస్తే జరుగుతావా, నిలుస్తావా? వంచితే వంగుతావా, పగులుతావా? ఈ నాలుగింటికీ జవాబు చెప్పలేని జిగురు కుర్చీకి పనికొస్తుందేమో, విల్లుకు పనికిరాదు.

తెల్ల జిగురును అడగండి. ఆరిన తరువాత కూడా అందులో కొంచెం రబ్బరు గుణం ఉంటుంది. బరువు అలాగే ఉంచితే మెల్లగా జరుగుతుంది. ఎండకు మెత్తబడుతుంది. మామూలు రకం నీళ్లకు ఊరుతుంది. బల్లకూ బీరువాకూ అది మంచి జిగురే, నాకు దానితో పేచీ లేదు. వంగే విల్లులో పెట్టడమే తప్పు.

తోలు జిగురును అడగండి. పాత వడ్రంగులు వజ్రం అనేది ఇదే. తోలు, నరాలు, ఎముకల నుంచి తీస్తారు. రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాలి. తెల్లారి ఒక గిన్నెలో నీళ్లు పోసి, అందులో జిగురు గిన్నె పెట్టి, వేడినీళ్ల ఆవిరితోనే కరిగించాలి. అరవై డిగ్రీల దగ్గర ఆపాలి. మరగబెడితే పట్టు పోతుంది. చల్లారుతుంటే గడ్డకడుతుంది కాబట్టి అతికించే కర్రను కూడా వెచ్చజేసి, చెయ్యి ఆగకుండా పని ముగించాలి. మొదటి పూతను కర్ర తాగేస్తుంది, అందుకే మళ్లీ పూయాలి. అప్పుడు అది నిజంగా వజ్రమే. తురుష్కుల కొమ్మువిల్లు, మొగలాయి విల్లు ఇలాంటి జిగురు మీదే నిలబడ్డాయి. గుర్రం మీద కూర్చుని లాగడానికి పొట్టి విల్లు కావాలి. పొట్టి కర్ర అంత వంపుకు విరిగిపోతుంది. అందుకని సాగే వైపు నరం, నలిగే వైపు కొమ్ము వేసి అతికించారు. అది వాళ్ల అవసరం. వాళ్ల పొడి దేశంలో అది గొప్ప విద్య. కాదనను.

అదే విల్లును తెచ్చి జూలై నెలలో రాజోలులో పెట్టండి. వజ్రానికి తేమ పడదు. గాలిలో తేమను పీల్చి మెత్తబడుతుంది. కొరియా దేశంలో కొమ్మువిల్లును ఇప్పటికీ వేడి పెట్టెలో దాచుకుంటారు, వానాకాలం తేమకు అతుకులు వదలకుండా. వాళ్ల జిగురు చేప గాలితిత్తి నుంచి తీసింది, గొరక జాతి చేప తిత్తి. ఆ కుటుంబానికే చెందిన కచిడి చేప మన అంతర్వేది రేవులో పడుతుంది. దాని తిత్తి కోసమే ఒక్కో చేప ఎంత ధర పలికిందో పేపర్లో చదువుతూనే ఉంటాం. అంటే ప్రపంచంలో పేరున్న విల్లు జిగురుకు ముడిసరుకు ఈ తీరంలోనే ఉంది. గేదెల తోలు ఉంది, కొమ్ము ఉంది. అయినా ఈ ప్రాంతంలో మామూలు జనం అతుకుల విల్లు పట్టలేదు. తెలివి లేక కాదు. ఈ వానకు, ఈ ఉప్పుగాలికి అది నిలవదు.

వాన పడే అడవిలో నడిచే మనిషికి కావాల్సింది తడిసినా విడిపోని విల్లు. విరిగితే మధ్యాహ్నానికల్లా ఇంకోటి చేసుకోగలిగే విల్లు. చేతిలో కత్తి తప్ప ఇంకేమీ అక్కర్లేని విల్లు. ఆ విల్లు ఒకే బద్దలో ఉంటుంది.

ఒకే బద్ద అంటే ఏ బద్ద అయినా కాదు. మా వైపు గట్టి వెదురు ఎంచుతారు, బొంగు తక్కువ, కండ ఎక్కువ ఉండేది. లేత గడ పనికిరాదు, మరీ ముదిరి ఎండినదీ పనికిరాదు. వానలు వెళ్లాక కొడతారు. అప్పుడు వెదుర్లో తీపి తక్కువ, పుప్పి పట్టదు. పొయ్యి మీద అటక పొగలో ఆరబెడతారు. వెదురు పచ్చ చర్మం కిందనే నార దట్టంగా ఉంటుంది. ఆ చర్మాన్ని సాగే వైపు ఉంచి, లోపలి వైపు నుంచే చెక్కుతారు. చర్మం మీద కత్తిగాటు పడిందంటే విల్లు పోయినట్టే. వంకర ఉంటే నిప్పు మీద కాచి సరిచేస్తారు. నారీ కూడా వెదురు చర్మపు బద్దే, వానకు నానబారదు. సాగే పొర, నలిగే పొర, మధ్య పొర మూడూ వెదురులోనే పెరిగి ఉన్నాయి. కొమ్మువిల్లు చేసేవాడు నెలల తరబడి అతికించేది వెదురు తనంతట తానే అతికించుకుని పుట్టింది. దాన్ని గుర్తుపట్టడమే మా వాళ్ల విద్య. జిగురు పూయడం కన్నా అది తక్కువ విద్య ఎలా అవుతుంది?

ఇది నా గొప్ప కోసం చెబుతున్న మాట కాదు. పుస్తకాలే చెబుతాయి. క్రీ.పూ. 480లో పారశీక చక్రవర్తి గ్రీసు మీదికి పోయినప్పుడు అతని సైన్యంలో హిందూ దేశపు విలుకాళ్లు వెదురుజాతి గడతో చేసిన విల్లు, అదే గడతో చేసిన ఇనుప మొన బాణాలు పట్టుకున్నారని హెరొడోటస్ రాశాడు. అలెగ్జాండరు దండయాత్ర సంగతులు రాసిన అరియన్, ఇక్కడి విల్లు మనిషంత ఎత్తు ఉంటుందని, ఒక కొన నేలకానించి ఎడమ కాలితో అదిమి లాగుతారని రాశాడు. కౌటిల్యుని అర్థశాస్త్రం ఆయుధాగారం గురించి చెబుతూ నాలుగు రకాల విళ్లు లెక్కపెట్టింది: తాటి, వెదురు, కర్ర, కొమ్ము. తాటిమానూ వెదురూ కర్రా ఒక్క ముక్కలోనే విల్లవుతాయి. అదే చోట నారీకి పనికొచ్చేవాటిలో చాగనార, జిల్లేడు, జనుములతో పాటు వెదురు పేరూ ఉంది. మారేడుమిల్లిలో మా తాత కట్టిన వెదురు నారీ అర్థశాస్త్రంలో ఉంది. కోనసీమ గట్ల మీది తాటిచెట్టు కూడా ఆ జాబితాలో ఉంది. తాటిమాను పైపొర చేవ ఎంత గట్టిదో ఇళ్లకు తాటి దూలాలు వేసుకున్న ఇక్కడివాళ్లకు నేను చెప్పాలా?

ఇంగ్లీషువాళ్ల పొడుగువిల్లు సంగతి ఇంకా బాగుంటుంది. 1415లో అజిన్‌కోర్టు యుద్ధం గెలిపించిందని వాళ్లు ఇప్పటికీ చెప్పుకునే విల్లు ఒకే యూ కర్ర ముక్క. జిగురు లేదు. పై తెల్ల కర్ర సాగుతుంది, లోపలి చేవ నలుగుతుంది. మా వెదురు సూత్రమే. 1545లో మునిగిన మేరీ రోజ్ ఓడను 1982లో పైకి తీస్తే 130కి పైగా విళ్లు దొరికాయి. నాలుగు వందల ఏళ్లకు పైగా సముద్రం అడుగున ఉన్నా విళ్లు విళ్లలాగే ఉన్నాయి. వాళ్లూ బంకా దారమూ వాడింది బాణానికి ఈకలు కట్టే చోట. ఆ విల్లును ఎవరైనా ‘ఉత్త కర్ర’ అన్నారా? మ్యూజియం కట్టారు. మా వెదురు విల్లుకు ఫెవికాల్ పూసి చీటీ అంటించారు.

మరి మాకు జిగురు తెలియదా? తెలుసు. ఎక్కడ వాడాలో కూడా తెలుసు. జిగురు స్థానం బాణం. ఇనుప మొన తోకను గడలో దూర్చే చోట లక్క కావాలి. మోదుగ కొమ్మల మీద, రేగు కొమ్మల మీద పురుగు పెట్టిన లక్కను గీకి, నలగ్గొట్టి, కడిగి ఆరబెడతారు. మంట మీద కాదు, నిప్పుల సెగ మీద మెత్తబరుస్తారు. ఎక్కువసేపు కాలిస్తే లక్క మొండికేస్తుంది, మళ్లీ కరగదు. ఒట్టి లక్క పెళుసు. అందుకని సన్నని బూడిదో ఇటుక పొడో కలుపుతారు. మొనను వేడిచేసి దూర్చి, పైన నార చుట్టి బిగిస్తారు. లక్కకు నీళ్లంటే భయం లేదు. కానీ వంచితే పగులుతుంది. బాణం మొన వంగదు కాబట్టి అక్కడ సరిపోయింది. విల్లు వంగుతుంది కాబట్టి అక్కడ వాడలేదు. నాలుగు ప్రశ్నలు అడిగి జవాబు విన్నవాళ్లే ఇలా చేస్తారు.

మిగతా బంకల సంగతీ అంతే. తుమ్మబంక నీళ్లలో కరుగుతుంది, కాబట్టి కాగితానికి మంచిది, వానలో నమ్మకూడదు. చింతపిక్కలు వేయించి, తొక్కు తీసి, పొడి చేసి ఉడికిస్తే వచ్చే జిగురు కొండపల్లి బొమ్మల మక్కులో పొణికి కర్రకు పడుతుంది, గొంగడికి గంజి అవుతుంది. కానీ తేమకు బూజు పడుతుంది. బంకనక్కెర కాయ పిల్లల గాలిపటాలకు చాలు. గుగ్గిలం నూనెలో కాచి పడవ సందుల్లో కూరితే నీళ్లను ఆపుతుంది, బరువును ఆపదు. ఒక్కో బంకకు ఒక్కో పని. ఇది పాఠం కాదా? ఆరో తరగతి సైన్సు టీచరుకు ఇంతకంటే మంచి పాఠం ఎక్కడ దొరుకుతుంది?

ఇక తపసి బంక. ఇంగ్లీషులో కరాయా అంటారు. మా ఏజెన్సీలో చెట్టుకు గాటు పెట్టి, కారిన బంకను రోజుల తరబడి తిరిగి ఏరి, ఆరబెట్టి, రంగును బట్టి వేరు చేసి గిరిజన సహకార సంస్థకు అమ్ముతారు. ఆ సంస్థ 1956 నుంచి ఉంది. తపసి బంక నీళ్లలో కరగదు, ఉబ్బుతుంది. ఉబ్బి పట్టుకుంటుంది. అందుకే విల్లుకు పనికిరాదు. కానీ కట్టుడు పళ్లు జారకుండా చిగుళ్లకు అతికించే పొడిలో పనికొస్తుంది. మందుల్లో పనికొస్తుంది, తినే వస్తువులు చిక్కబరచడానికి పనికొస్తుంది. అంటే లోకంలో ఎక్కడెక్కడి ముసలివాళ్ల నోటిలో పళ్లను నిలబెట్టే బంకను ఏరే మా అక్కచెల్లెళ్లకు, వాళ్ల పిల్లలకు, బడిలో మనం ఏం నేర్పుతున్నాం? డబ్బా మూత తిప్పడం. జిగురు అంటే బజార్లో దొరికే తెల్ల డబ్బా అని. బంక ఏరేవాళ్ల పిల్లకు బంక గురించి ఏమీ తెలియదని ముందే రాసిపెట్టిన పాఠం ఇది. నా కోపం అసలు ఇక్కడే.

ఒక బడిలో జరిగింది చెబుతాను. ఊరు పేరు వద్దు. మూడు బద్దలు అతికించిన విల్లును నారీ ఎక్కించి పొద్దుటి నుంచి ఎండలో వేదిక పక్కన నిలబెట్టారు. మధ్యాహ్నం ఒక పిల్లాడు లాగాడు. అతుకు విడిపోయి పై బద్ద ఎగిరి చెంప మీద గీరింది. కన్ను తప్పింది. అక్కడున్న పెద్దమనిషి అన్న మాట నాకు ఇంకా వినబడుతుంది: “నాటు విల్లులు ఇంతేనండీ, పిల్లలకు ఇవ్వకూడదు.” నాటు విల్లు ఎక్కడుందక్కడ? బద్దలు బజారువి, జిగురు బజారుది, పద్ధతి ఎవరిదో. నింద మాత్రం మాది. ఇలాగే మా పేరు మీద చెడ్డ వస్తువు చేసి, అది విరిగితే మా పేరు మీదే విరిగిందని రాస్తారు.

ఎదురు వాదనలు నాకు తెలుసు. ఒక్కొక్కటీ చూద్దాం.

“వేట చట్టవిరుద్ధం. విల్లు చచ్చిన వస్తువు. దేనికి ఈ గొడవ?” వన్యప్రాణి చట్టం 1972 నుంచి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం కూడా వేటను హక్కుల్లోంచి తీసేసింది. నేను పిల్లలకు వేట నేర్పమనడం లేదు. అదే 2006 చట్టం వెదురు, లక్క లాంటి చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద మాకు యాజమాన్య హక్కు ఇచ్చింది. సంప్రదాయ జ్ఞానం మీద ఊరుమ్మడి హక్కు కూడా రాసింది. జ్ఞానం మీద హక్కు కాగితం మీద ఉండి, జ్ఞానం పిల్లల చేతిలో లేకపోతే ఆ హక్కు ఎవరు అనుభవిస్తారు? భూమి పండగ నాడు విల్లు పట్టుకుని వెళ్లే మావాళ్లకు అది చచ్చిన వస్తువు కాదు.

“కొత్త జిగుర్లు మంచివి కదా, ఎందుకు వద్దంటారు?” నేను వద్దనలేదు. పోటీల్లో ఇండియన్ రౌండ్‌కు వెదురు పొరలు అతికించిన విళ్లు పట్టుకుని ఆడే పిల్లలున్నారు. వాటికి ఎపాక్సీ లాంటి రెండు భాగాల జిగురు కావాలి. పాళ్లు కచ్చితంగా కలపాలి, ముఖాలు గరుకు చేయాలి, సమంగా బిగించాలి, గట్టిపడేదాకా ఆగాలి, చేతికి తొడుగు వేసుకోవాలి. అలా చేయండి, అది మంచి ఆట విల్లు అవుతుంది. దానికి ‘ఆట విల్లు’ అని పేరు పెట్టండి. మా పేరు పెట్టకండి.

“మా పూర్వీకులకు రాళ్లను అతికించే వజ్రలేపం కూడా తెలుసు” అని మన సభల్లోనే కొందరు అంటుంటారు. వాళ్లతోనూ నాకు పేచీ ఉంది. మనది కానిదాన్ని మనదని చెప్పుకోవడం దేనికి? మనకున్నది చాలు. జిగురు లేని విల్లును చిన్నతనంగా భావించి, దానికి ఏదో రహస్య జిగురు కథ అల్లడం కూడా ఆ ఫెవికాల్ చీటీ లాంటిదే. ఇంకో రకం సిగ్గు, అంతే.

“అంతా చెప్పడానికి పెద్దవాళ్లు ఎక్కడున్నారు?” ఉన్నారు. రంపచోడవరం, మారేడుమిల్లి, చింతూరు వైపు ఉన్నారు. కోనసీమలోనే చూడండి, ఈత బద్దలతో బుట్టలల్లే ఎరుకల అక్కలున్నారు. బద్ద చీల్చడం, ఏ వైపు వంచితే విరగదో చూడటం వాళ్ల వేళ్లకు తెలిసినంత నా డిప్లొమాకు తెలియదు. ప్రభల తీర్థానికి వెదురు వంచి ప్రభలు కట్టే జగ్గన్నతోట చుట్టుపక్కల ఊళ్లవాళ్లున్నారు. వాళ్లందరూ మన బడి గేటు దాకా వస్తారు. లోపలికి పిలిచే అలవాటే మనకు లేదు.

ఏకలవ్యుడి బొటనవేలు కథ అందరికీ తెలుసు. ఎరుకలవారు తమ మూలపురుషుడని చెప్పుకుంటారు. ప్రభుత్వం ఆయన పేరు మీద గురుకులాలు నడుపుతోంది. ఆ పేరున్న ఎన్ని బడుల్లో విల్లు చేసే పెద్దాయనకు ఒక కుర్చీ వేశారు? ఒక్క రోజు కూలి ఇచ్చి పాఠం చెప్పించారు? అప్పుడు వేలు అడిగారు. ఇప్పుడు వేలు అడగడం లేదు, ఆ వేలికి తెలిసిన పని ఏమిటని కూడా అడగడం లేదు.

అందుకని నేను అడిగేవి నాలుగే. ఒకటి, జయంతులకు విల్లు కావాలంటే విల్లు చేసేవాళ్ల దగ్గర కొనండి, ధర బేరమాడకండి. రెండు, పిల్లలకు నేర్పాలంటే చేసే పెద్దాయనను పిలవండి, రానుపోను చార్జీలూ రోజు కూలీ ఇవ్వండి, ‘అతిథి’ అని శాలువా కప్పి ఊరుకోకండి. మూడు, జిగుర్ల పాఠం చెప్పండి. లక్క, తుమ్మబంక, తపసి బంక, చింతపిక్కలు, తెల్ల జిగురు వరుసగా బల్ల మీద పెట్టి, రెండేసి బద్దలు అతికించి, ఒకటి నీళ్లలో, ఒకటి ఎండలో, ఒకటి బరువు కింద వారం ఉంచి పిల్లల చేతే రాయించండి. ఖర్చు వంద రూపాయలు దాటదు. నాలుగు, ఫెవికాల్ విల్లు మీది చీటీ చింపేయండి.

చివరి పనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ ఆగస్టు 9న మీ బడిలో ఆ చీటీ కనబడితే మీరే చింపండి. ఎందుకు చింపావని హెడ్‌మాస్టరు అడిగితే, నోటు పుస్తకం ఒకటి చేతికిచ్చి వంచి చూడమనండి.